భూతాపం తగ్గించడానికి ఒక్క మనిషి ఏమి చేయగలడు? ఒక వరి రైతు కుటుంబం నుంచి జవాబు

భూతాపం ఎందుకు పెరుగుతోంది, దానివల్ల ఏమవుతుంది, సామాన్యుడు చేయగలిగినది ఏమైనా ఉందా అని అడిగారు. మొదటి రెండింటికీ జవాబు చాలామందికి తెలిసినదే. బొగ్గు, చమురు, సహజవాయువులను మండించడం వల్ల, ఒకప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఎండలు ఎంతటి ముప్పు తెస్తాయో 2015 మే నెలలో చూశాం. ఆ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో అధికారిక లెక్కల ప్రకారమే రెండు వేల మందికి పైగా మరణించారు. పశ్చిమ గోదావరి డెల్టాలో వరి పండించే కుటుంబంలో పుట్టినవాడిగా నేను మూడో ప్రశ్నకే జవాబు చెబుతాను.

చేలో నీరు నిలిచి ఉన్నంతకాలం మట్టిలోకి గాలి చేరదు. గాలి ఆడని ఆ బురదలో సూక్ష్మజీవులు గడ్డినీ పాత మోళ్లనూ కుళ్లబెట్టి మీథేన్‌ను పుట్టిస్తాయి. దుబ్బుల మధ్య కాలు పెట్టినప్పుడు పైకి తేలే బుడగల్లో ఉండేది చాలావరకు అదే. అంతకంటే ఎక్కువ భాగం వరి కాడల గుండా కంటికి కనబడకుండా గాలిలో కలుస్తుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది, కానీ గాలిలో సగటున 12 ఏళ్లే నిలుస్తుంది. ఈరోజు తగ్గించినదాని ఫలితాన్ని మన కళ్లతోనే చూడగలిగేది ఈ వాయువు విషయంలోనే అని నా నమ్మకం.

గోదావరిలో నీరు తగ్గి, దాళ్వాకు (రబీ వరికి) వంతులవారీగా కాలువ వదిలిన ఒక ఏడాది, రంధ్రాలు చేసిన పీవీసీ గొట్టం ముక్కను మా చేలో పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్లీ తడి పెట్టవద్దని పెదనాన్నను అడిగాను. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఆయన గట్టు మీద నిలబడి, "నెర్రెలు తీసిన చేను చూసి నలుగురూ ఏమనుకుంటార్రా? వీళ్లకు వ్యవసాయం చేతకాక ఎండబెట్టారనుకోరూ?" అని బాధపడ్డారు. కొన్నాళ్లకు ఆయనే ఒక దుబ్బు పీకి, బోదెలో (చేలకు నీరు పారే చిన్న కాలువలో) కడిగి, నల్లబడకుండా తెల్లగా సాగిన వేళ్లను చాలాసేపు తిప్పి చూశారు. ఆ పంట దిగుబడి ఎప్పటిలాగే వచ్చింది. ఈ పద్ధతిలో మీథేన్ సుమారు మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇంత పెద్ద అవకాశం కాళ్ల కింద ఉండగా, పర్యావరణ దినోత్సవం నాడు ఒక మొక్క నాటి ఫొటో దిగి, మర్నాటి నుంచి దానికి చెంబెడు నీళ్లయినా పోయనివారిని చూస్తే నాకు ఎంతో కష్టంగా ఉంటుంది. యంత్రంతో కోయించి, మిగిలిన గడ్డిని చేలోనే తగలబెట్టడం కూడా అంతే బాధ కలిగిస్తుంది. ఆ పొగ ఊరి పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. పట్నవాసులకూ ఇందులో వాటా ఉంది. వంటింటి తడి చెత్త డంపింగ్ యార్డు గుట్టల అడుగున గాలి ఆడక కుళ్లి, మా బురదలో పుట్టే వాయువునే పుట్టిస్తుంది. దాన్ని వేరుచేసి మేడమీద ఒక డ్రమ్ములో ఎరువుగా మార్చుకోవడం ఏ ఇంటికీ అసాధ్యం కాదు.

వరి రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు జాగ్రత్తలు చెప్పాలి. నాటిన మొదటి రెండు వారాలు తుంగ, ఊద వంటి కలుపు లేవకుండా నీరు నిలపాలి; పూత సమయంలో చేను అసలు ఆరనివ్వకూడదు. మరొక చిక్కు డెల్టాలోనే ఉంది. చాలాచోట్ల నీరు ఒకరి చేను మీదుగా మరొకరి చేలోకి పారుతుంది కనుక, పైరైతు నీరు వదులుతూనే ఉంటే కిందివాడు ఆరబెట్టలేడు. అందుకే ఒక్క మనిషి అని మీరు అడిగినచోట నేను ఒక్క బోదె అంటాను. మా బోదె కింద రైతులందరినీ ఒకే వారంలో నీరు తీయడానికి ఒప్పించే పని పెదనాన్నే భుజాన వేసుకున్నారు. సగం మంది ఒప్పుకున్నారు, మిగిలినవారితో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.