ఎండల్లో దూర ప్రయాణం: టైరులో గాలి తగ్గించాలా?

ప్రశ్న: మాది చెన్నై, అంబత్తూరు. మే సెలవులకి పిల్లలిద్దరినీ, మా మామగారినీ తీసుకుని గుంటూరులో మా ఆడపడుచు గారింటికి కారులో వెళ్తున్నాం. వారం ఉండి, కొత్తావకాయ, మామిడిపళ్లతో తిరిగొస్తాం. బండికి ఏడేళ్లు, టైర్లు మొదటివే. ఎండకి పేలకుండా గాలి కాస్త తగ్గించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? ఇంకేం చూసుకోవాలి?

జవాబు: దయచేసి తగ్గించకండి. దారిలో టైర్లు పేలడానికి గాలి తక్కువ ఉండటమే పెద్ద కారణం. గాలి తక్కువైతే టైరు పక్కభాగం తిరిగిన ప్రతిసారీ నలిగి లేస్తుంది. ఆ నలుగుడుకే లోపల వేడి పుట్టి పొరలు విడిపోతాయి. డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరు ఉంటుంది. అందులో గాలి ఎంత ఉండాలో మామూలు బరువుకి ఒక అంకె, నిండు బరువుకి ఇంకో అంకె ఇస్తారు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను కాబట్టి మీకు పనికొచ్చేది రెండోది. వెనక చక్రాలకి అది చాలా బళ్లలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. రాత్రంతా నిలిపిన బండికి, చక్రాలు చల్లగా ఉండగానే కొట్టించండి. నెల్లూరులో టిఫినుకి ఆగి చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరిగి కనిపిస్తుంది. అది ఉండాల్సిందే, దింపించకండి. స్టెప్నీలో గాలి, జాకీ, పానా కూడా ముందే చూసుకోండి.

ఇక టైర్ల వయసు. పక్కన డీవోటీ అక్షరాలున్న వరస చివర నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు లోతుగానే ఉన్నా, ఏడేళ్లకి రబ్బరు గట్టిపడి పక్కల సన్నని బీటలు తీస్తుంది. పిల్లలు, పెద్దాయన ఉన్న బండి. ప్రయాణానికి ముందే నాలుగూ మార్పించడం మంచిది.

కూలెంటు (ఇంజనుని చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే వట్టి నీళ్లు కాక అదే రకం కూలెంటు పోయండి. దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు ఎక్కితే ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా పెట్టి, పక్కకి తీసి ఆపండి. ఇంజను చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. పొంగిన నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

మీ ప్రయాణం నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. తెల్లవారుజామున నాలుగింటికి కదిలి, పుళల్ దగ్గర హైవే ఎక్కితే, టిఫిను కలుపుకున్నా ఒంగోలు దాటాకే ఎండ ముదురుతుంది. రెండు గంటలకోసారి ఆగి మామగారిని ఐదు నిమిషాలు నడిపించండి. పిల్లలకి ఫోను ఇవ్వకండి, కిందికి చూస్తుంటేనే వాంతులు. ఇడ్లీ చాలు, పూరీ వద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టుకి లీటరు నీళ్లు కలపాలి. ఒకరోజులో తాగేయాలి. ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు ముందురోజే చూసుకోండి. ట్యాగ్ చెల్లకపోతే 2025 నవంబరు 15 నుంచి యూపీఐకి ఒకటింబావు రెట్లు టోలు పడుతోంది.

గుంటూరులో కారు నీడలో పెట్టాలని కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. కాయ పడితే అద్దం మిగలదు. మామిడిచెట్టు జిగురు రంగు మీద మరకలు వేస్తుంది. వేపచెట్టు మేలు. తిరిగి బయల్దేరే ముందు బోనెట్ ఎత్తి ఎలకలు వైర్లు కొరికాయేమో చూడండి.

ఆవకాయ సంగతి. కొత్తది ఇంకా ఊరుతూ ఉంటుంది, ఎండకి నూనె పైకొస్తుంది. మూడోరోజు తిరగగలిపాకే డబ్బాకెత్తండి. పైన అంగుళమున్నర ఖాళీ వదిలి, మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, డిక్కీలో కాక వెనక సీటు కాళ్ల దగ్గర నిటారుగా పెట్టండి. బంగినపల్లి కాయలు గట్టిగా ఉన్నవే తీసుకోండి. చిల్లులున్న అట్టపెట్టెలో ఎండుగడ్డి మధ్య సర్దాలి. మగ్గినవి మూసిన డిక్కీలో పెడితే చెన్నై చేరేసరికి కుళ్లు పడతాయి.