ఆరు వేలకు యాభై వేల చిరునామాలు

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాము. మూడేళ్లుగా మిద్దెతోటలకు కావలసిన కూరగాయల విత్తనాలు, వేపపిండి, కొబ్బరి పొట్టు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ మా చిన్న వెబ్‌సైటులోనూ అమ్ముతున్నాము. హైదరాబాదు, విజయవాడ, బెంగళూరుల నుంచి కూడా తెలుగువారు ఆర్డర్లు ఇస్తారు. అయితే ఒకసారి కొన్నవారు మళ్లీ కనిపించడం లేదు. ఈమెయిల్ చందాదారుల జాబితా ఉంటే అమ్మకాలు నిలకడగా ఉంటాయని విన్నాము. ఇంతలో ఒకరు 50 వేల చిరునామాలు 6 వేల రూపాయలకే ఇస్తామంటున్నారు. కొనవచ్చునా? అసలు వాట్సాప్ ఉండగా ఈమెయిల్ ఎవరు చూస్తారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: కొనవద్దు. ఆ బేరంలో మీ 6 వేలు పోవడం చిన్న నష్టం. అలా అమ్ముడయ్యే జాబితాలలో ఎప్పుడో వాడకం మానేసిన చిరునామాలు, తప్పుగా రాసుకున్నవి, స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే పెట్టిన ఎర చిరునామాలు కలగాపులగంగా ఉంటాయి. జీమెయిల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున ఉత్తరాలు పంపేవారికి నియమాలు బిగించాయి. జీమెయిల్ లెక్కలో, జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపేవారంతా ఆ కోవలోకి వస్తారు. అందుకున్న వెయ్యి మందిలో ముగ్గురు ‘ఇది స్పామ్’ అని నొక్కితే హద్దు చేరినట్టే. వెయ్యికి ఒకటి దాటకుండా చూసుకోమని గూగుల్ చెబుతుంది. మీ పేరే వినని 50 వేల మందిలో 150 మంది ఆ మీట నొక్కడానికి ఒక ఉదయం చాలు. మచ్చ పడేది మీ డొమైన్ పేరు (మీ వెబ్‌సైటుకూ ఈమెయిల్‌కూ ఉండే సొంత చిరునామా) మీద కాబట్టి, ఆ తరువాత డబ్బు కట్టి విత్తనాలు కొన్న మనిషికి ‘మీ పార్సిల్ బయలుదేరింది’ అని మీరు పంపే కబురు కూడా స్పామ్‌లోకి పోవచ్చు. ఇక చట్టం సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అనేది మనిషి తానుగా, ఏ పనికోసమో తెలిసి, స్పష్టంగా ఇవ్వవలసినది. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలిగి ఉండాలి. ఎవరో అమ్మిన జాబితాలోని వారెవరూ మీకు అటువంటి సమ్మతి ఇవ్వలేదు.

వాట్సాప్ విషయంలో మీ అనుమానం సగం నిజం. కబురు త్వరగా చూసేది అక్కడే, కనుక పార్సిల్ వివరాలకు దానినే వాడండి. కానీ ఒకే కబురును చాలామందికి విడివిడిగా పంపే మామూలు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది హద్దు. పైగా మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ కబురు చేరుతుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరు గంటలపాటు ఒకేసారి ఆగిపోయిన రాత్రి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు, దాని మీదే వ్యాపారం నిలబెట్టుకున్నవారికి తమ అభిమానులను మరోచోటికి తీసుకుపోయే దారి లేకపోయింది. ఈమెయిల్ జాబితా ఒక ఫైలు. మీ తరఫున ఉత్తరాలు పంపిపెట్టే సేవాసంస్థ నచ్చకపోతే ఆ ఫైలు దించుకుని మరో సంస్థకు మారవచ్చు. అద్దె ఇంట్లో వేసిన మడికీ సొంత మిద్దె మీద వేసిన మడికీ ఉన్న తేడా మీకు నేను చెప్పనక్కరలేదు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది: జనం తమ చిరునామా మీకు ఎందుకు ఇవ్వాలి? చాలామంది ‘చేరితే 10 శాతం తగ్గింపు’ అని బోర్డు పెడతారు. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం తక్కువ, ఎందుకంటే తగ్గింపు కోసం చేరినవారు తగ్గింపు వాడుకున్న మరునాడే మిమ్మల్ని మరచిపోతారు. మీ దగ్గర అంతకంటే విలువైనది ఉంది. చెన్నైకి ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. హైదరాబాదులో తొలకరి జూన్‌లోనే పడుతుంది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండి చల్లగా ఉంటుంది. అందుచేత ఈ మూడు ఊళ్లలోని మీ కొనుగోలుదారులు ఒకే రోజున ఒకే విత్తనం వేయడం కుదరదు. ‘మీ పిన్‌కోడ్ చెప్పండి, మీ ఊరిలో ఈ నెల ఏ కుండీలో ఏమి విత్తాలో నెలనెలా రాస్తాము’ అని అడిగి చూడండి. ఈమెయిల్, పిన్‌కోడ్ తప్ప మరేదీ అడగవద్దు. పుట్టినరోజు, ఫోను నంబరు, కుటుంబ వివరాలు అడిగే ఫారం చూసి సగంలో వెళ్లిపోయేవారే ఎక్కువ. చేరినవారికి ముందుగా ‘ఇది మీరేనా’ అని నిర్ధారించుకునే ఒక లింకు పంపండి. దీనివల్ల కొందరు రాలిపోతారు, సంఖ్య తగ్గుతుంది. తగ్గనివ్వండి, తప్పుడు చిరునామాలు పోయేది కూడా అక్కడే. ఇప్పటికే కొన్నవారు ఇచ్చిన చిరునామాలు ఆర్డరు కోసం ఇచ్చినవి కాబట్టి, వాటిని నేరుగా జాబితాలో కలపకుండా విత్తనాల ప్యాకెట్టులో ఒక చీటీ, దాని మీద క్యూఆర్ కోడ్ పెట్టి అడగండి.

ఇక రాయవలసిన ఉత్తరాలు. మీ సరుకుకు ఉన్న అదృష్టం ఏమిటంటే, అది కొన్న తరువాత కూడా కదులుతూనే ఉంటుంది. పార్సిల్ చేరిన ఎనిమిదో రోజున ఒక ఉత్తరం వెళ్లాలి: ‘బెండ ఈపాటికి మొలిచి ఉండాలి. మిరప, వంగ ఇంకా రాకపోతే కంగారు పడవద్దు, వాటికి పది పదిహేను రోజులు పట్టవచ్చు. కుండీ పైమట్టి ఎండనివ్వకండి. ఏమీ మొలవకపోతే ఈ ఉత్తరానికే జవాబు రాయండి.’ ఇంతే, అమ్మకం మాట ఒక్కటి కూడా వద్దు. మొలక రానివారు మౌనంగా మరో దుకాణానికి వెళ్లిపోతారు. మీకు మళ్లీ కనిపించని కొనుగోలుదారులలో కొందరైనా అటువంటివారే అయి ఉంటారని నా అంచనా. వారు జవాబు రాస్తే ఒక ప్యాకెట్టు ఉచితంగా పంపండి. రెండో ఉత్తరం నెల దాటాక, పురుగు పట్టే వేళకు వెళ్లాలి. వేపపిండి ఎంత వేయాలో చెప్పి, కావలసినవారికి లింకు అక్కడ ఇవ్వండి. బెండ సుమారు 50వ రోజు నుంచి కాయడం మొదలుపెట్టి మూడు నెలలు దాటేసరికి అలసిపోతుంది కదా. 80వ రోజున ‘ఈ కుండీ త్వరలో ఖాళీ అవుతుంది, తరువాత ఏమి వేద్దాము’ అన్న ఉత్తరం పంపితే అది అమ్మకపు ఉత్తరమని వారికి తెలుస్తుంది, అయినా విసుగు పుట్టదు. నా చిన్నతనంలో మా ఇంటికి వచ్చే వారపత్రిక, చందా ముగియవస్తున్నదని చుట్టిన కాగితం మీదే గుర్తుచేసేది. మా నాన్నగారు ఆ రోజే మనియార్డరు కట్టేవారు.

లాభం ఎలా లెక్కించాలంటారా? ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మవద్దు. 2021లో ఆపిల్ తెచ్చిన మెయిల్ గోప్యతా ఏర్పాటు వల్ల, ఆపిల్ మెయిల్ యాప్ వాడేవారు చదవని ఉత్తరం కూడా చదివినట్టు లెక్కలోకి వస్తుంది. ఒక్కో ఉత్తరానికి ఒక్కో కోడ్ ఇచ్చి, దానితో వచ్చిన ఆర్డర్లు మాత్రమే లెక్కపెట్టండి. ఉదాహరణకు 400 మందికి వెళ్లిన ఉత్తరంతో 12 ఆర్డర్లు వచ్చి, ఆర్డరుకు 150 రూపాయలు మిగిలితే, ఆ ఉత్తరం విలువ 1,800 రూపాయలు. అందులో సేవా రుసుము, మీరు రాయడానికి పట్టిన సమయం తీసివేసి చూడండి. ఇదే పని 4,000 మందితో చేయాలన్న తొందర రెండు పంటకాలాలు గడిచాకే పెట్టుకోండి.

సాంకేతికమైన పని ఒక పూటది. జీమెయిల్ చిరునామా నుంచి కాక సొంత డొమైన్ నుంచి పంపండి. ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు నమోదులు చేయించండి. పండుగ పోస్టరులా మొత్తం ఉత్తరాన్ని ఒక బొమ్మగా పంపే అలవాటు మానండి. విత్తనాలు అమ్మడానికి 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు ఉండాలన్న సంగతి మీరు చూసుకునే ఉంటారని అనుకుంటున్నాను.

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి నుంచి ఆన్‌లైన్‌లో పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. జాబితాలో 3,000 మంది తల్లిదండ్రులు ఉన్నారు, కొందరు అమెరికాలో ఉంటారు. సగం మంది రెండేళ్లుగా ఉలుకూ పలుకూ లేరు. తీసివేయాలంటే మనసు రావడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, బెంగళూరు

జవాబు: మీరు వాడే సేవాసంస్థ చందాదారుల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేస్తున్నదేమో ముందు చూడండి, చేస్తుంటే ఆ 1,500 మందికి మీరు నెలనెలా అద్దె కడుతున్నారు. అయినా ఒక్కసారిగా తుడిచివేయకండి. రెండేళ్ల క్రితం ఆరేళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. అక్షరమాల పాఠం గురించి మీరు రాస్తూ ఉంటే ఆ తల్లి ఎందుకు చూస్తుంది? ‘మీ పాప ఇప్పుడు ఏ మెట్టులో ఉంది – అక్షరాలా, గుణింతాలా, కథలా?’ అని మూడు లింకులతో ఒక ఉత్తరం పంపండి. పది రోజుల తరువాత మరొకటి. రెండింటికీ కదలనివారిని తీసివేయండి. అమెరికాలో ఉన్నవారికి వెళ్లే వ్యాపార ఉత్తరాలలో మీ తపాలా చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాలలోపు తొలగించాలి. అక్కడి 2003 నాటి చట్టం అడిగేది అది. వారికి పంపే వేళ కూడా విడిగా పెట్టుకోండి. మీరు ఉదయం పదింటికి పంపిన ఉత్తరం వారికి నిద్రవేళకు చేరుతోంది.

ప్రశ్న: ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లింకును చిన్న అక్షరాలతో, లేత రంగులో పెడితే వెళ్లిపోయేవారు తగ్గుతారని మిత్రుడు చెప్పాడు. నిజమేనా?
– ఒక దుస్తుల వ్యాపారి, త్యాగరాయనగర్, చెన్నై

జవాబు: తగ్గుతారు. లింకు కనబడనివారు ‘స్పామ్’ మీట నొక్కుతారు. అది మాత్రం జీమెయిల్‌లో పైననే, అందరికీ కనబడేలా ఉంటుంది. లింకును పెద్దదిగా పెట్టి, ఒక్క నొక్కుతో పని అయ్యేలా చూడండి. వెళ్లిపోయిన వారి పేరు రెండు రోజులలోపు జాబితా నుంచి తీసివేయండి.