కొలత తేలాకే లేఅవుట్ ప్లాను

ప్రశ్న: నల్లపాడు దగ్గర మాకు పిత్రార్జితంగా వచ్చిన భూమి ఉంది. దస్తావేజులో 1.20 ఎకరాలు, కొలిపిస్తే 1.16 వచ్చింది. ప్లాట్లు వేసి అనుమతి తెచ్చుకోవాలంటే ఏ లెక్క చూపించాలి? ఇంకేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 1.16 మీదే ప్లాను గీయించండి. నేల మీద లేని 4 సెంట్లు కాగితం మీద చూపిస్తే ఫైలు వెనక్కి వస్తుంది. 4 సెంట్లంటే 193.6 గజాలు, దాదాపు ఒక ప్లాటు. లేని ప్లాటుకు బయానా తీసుకుంటే ఆ చిక్కు మీ పిల్లల దాకా వస్తుంది.

అయితే ముందు ఆ 1.16 ఎలా తేలిందో చూసుకోండి. టేపుతో నాలుగు పక్కలా కొలిచి, ఎదురెదురు భుజాల సగటులు గుణించి ఉంటే ఆ లెక్క నమ్మకండి. చేను మూలమట్టంగా లేకపోతే ఆ పద్ధతిలో విస్తీర్ణం ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది. కనీసం ఒక కర్ణమైనా (ఎదురెదురు మూలల మధ్య దూరం) కొలిచి, రెండు త్రిభుజాలుగా లెక్క కట్టాలి. ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ దగ్గరుండే పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకుని దానితో సరిపోల్చండి. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి: 100 లింకులు 66 అడుగులు, అంటే 20.12 మీటర్లు. వాటిని అడుగులనుకుంటే లెక్కంతా తప్పుతుంది.

దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), అడంగల్, 1బి (రెవెన్యూ రికార్డులు) అన్నింట్లో సర్వే నంబరు, పేర్లు ఒకేలా ఉండాలి. తండ్రిగారి పేరు మీదే ఉంటే ముందు మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో మీ పేరుకు మార్పు) చేయించండి.

ప్లానులో ఉత్తర దిక్కు, స్కేలు, చుట్టూ ఉన్న సర్వే నంబర్లు, కరెంటు లైన్లు, బావులు, ప్రతి ప్లాటుకు నాలుగు పక్కల కొలతలు చూపాలి. అప్రోచ్ రోడ్డు వెడల్పు మాత్రం అన్నిటికంటే ఇరుకైన చోట కొలిచి రాయించండి. ఖాళీ స్థలం 10 శాతం, అంటే మీ 1.16 ఎకరాల (4,694 చదరపు మీటర్ల) లో 469.4 చదరపు మీటర్లు వదలాలి. ప్లాట్లు, రోడ్లు, ఖాళీ స్థలం కలిపితే మొత్తం విస్తీర్ణం అణా పైసలతో సరిపోవాలి.

మన డెల్టాలో ఎక్కువమంది ప్లానులో చూపకుండా దాచేది పంట బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలవ). పూడ్చేసి ఏళ్లయినా ఎఫ్‌ఎంబీలో పోరంబోకుగా (ప్రభుత్వ భూమిగా) ఉంటే అది మీది కాదు. దాన్ని ప్లానులో చూపించి, జలవనరుల శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోండి.

ప్రశ్న: నున్న దగ్గర ఒక లేఅవుట్‌కు తాత్కాలిక అనుమతి ఉందంటున్నారు. ప్లాటు కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆగండమ్మా. తాత్కాలిక అనుమతి అంటే రోడ్లు, కాలవలు, కరెంటు పనులు చేసుకోమని మాత్రమే. తుది అనుమతి, ఎల్పీ నంబరు (ఆ లేఅవుట్‌కు ఇచ్చే అనుమతి నంబరు) వచ్చాక కొనండి. పనులు పూర్తి చేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు ఆ తనఖా దస్తావేజులో ఉందేమో ఈసీ తీయించి చూసుకోండి. రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టరయ్యాయా అన్నదీ అడగండి. అది జరగకపోతే, రేపు పార్కు చోట ఇంకో ప్లాటు లేవవచ్చు.