చార్టులో 8 గంటలు.. క్యాష్ కట్టేసరికి తొమ్మిదింపావు

సందేహం: నేను బస్సు డిపోలో కండక్టర్‌ని. పొద్దున 4:30కి సంతకం పెట్టి టికెట్లు కొట్టే టిమ్ మిషన్, టికెట్ల లెక్క రాసే వేబిల్ తీసుకుంటాను. 5 గంటలకి బస్సు కదులుతుంది. మధ్యలో గంట విరామం. మధ్యాహ్నం 2కి డిపోకి వస్తాం. క్యాష్ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి, డబ్బు కట్టి బయటపడేసరికి 2:45 అవుతుంది. డ్యూటీ చార్టులో మాత్రం 8 గంటలే. కొన్నిసార్లు రాత్రి 10కి డ్యూటీ దిగితే మర్నాడు 5కే రమ్మంటారు. ఓటీ (అదనపు గంటలకు డబ్బు) అడిగితే 'బస్సు తిరిగిన టైమే లెక్క' అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: కాదండీ. ఆ మాట డిపోల్లో ఎప్పట్నుంచో చెలామణీలో ఉందిగానీ చట్టంలో లేదు. టికెట్ల లెక్క, క్యాష్ కట్టడం, రిజిస్టర్లో సంతకాలు, సంతకం పెట్టిన చోటు నుంచి బస్సు దగ్గరికి వెళ్లే సమయం.. వీటన్నిటినీ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే 'అనుబంధ పని'గా పని గంటల్లో కలిపింది. బస్టాండ్‌లో పావుగంటలోపు ఊరికే కాచుక్కూర్చున్నా డ్యూటీయే.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అనుబంధ పనిని కలిపే పద్ధతి, రోజుకు 8 గంటల పరిమితి అందులోనూ ఉన్నాయి. కాబట్టి పొద్దున అరగంట, మధ్యాహ్నం ముప్పావుగంట మీ ఖాతాలో పడాల్సినవే. క్యాష్ లైన్లో మీరేమీ సరదాకి నిలబడలేదు కదా! గంట విరామం తీసేసినా మొత్తం తొమ్మిదింపావు గంటలు తేలుతోంది. పరిమితి దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఇంకో మాట, మీరు ఒప్పుకోకుండా ఓటీ చేయించకూడదు.

రాత్రి 10కి దించి 5కి రమ్మనడం గురించి చెప్పాలంటే కాస్త చిక్కుంది. పాత చట్టం ఒక డ్యూటీకీ మర్నాటి డ్యూటీకీ మధ్య కనీసం 9 గంటల విశ్రాంతి ఉండాలని సూటిగా చెప్పింది. మీకు దక్కేది 7 గంటలే, అందులోనే ఇంటికి వెళ్లి రావాలి. కొత్త కోడ్ మాత్రం విరామాల వివరాలను ప్రభుత్వాల నోటిఫికేషన్లకు వదిలేసింది. అందుకని మీ రాష్ట్రంలో ఇప్పుడు ఏ రూల్ నడుస్తోందో యూనియన్ ద్వారా కాపీ తెప్పించుకుని, ఆ తర్వాతే దరఖాస్తులో రాయండి.

కోపంలో డ్యూటీ ఎగ్గొట్టి వెళ్లిపోకండి. యాజమాన్యం ఇచ్చే చార్జిషీటు (తప్పు చేశారంటూ ఇచ్చే నోటీసు) చేతికొస్తే ఓటీ సంగతి పక్కకి పోయి, మీ గైర్హాజరే కేసవుతుంది. ముందు డిపో మేనేజర్‌కి తేదీలవారీగా గంటలు వేసి కాగితం ఇవ్వండి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే వేతనాల కోడ్ కింద సంబంధిత అధికారి దగ్గర క్లెయిమ్ వేయొచ్చు, దానికి 3 ఏళ్ల గడువుంది. మీ బదులు రిజిస్టర్డ్ యూనియన్ అయినా వేయొచ్చు. జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో క్లెయిమ్ వేస్తే, బకాయి చెల్లించామని రుజువు చేయాల్సింది యాజమాన్యమే.

అయినా ఎన్ని గంటలు పనిచేశారో మీ దగ్గర ఆధారం ఉండాలి. ఈ రోజు నుంచే వేబిల్‌ని, మిషన్‌లో టైము కనబడే స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. క్యాష్ రసీదు మీద టైము పడకపోతే, కౌంటర్ దగ్గరే పెన్నుతో వేయించుకోండి.