గొడవల దేశాల్లో మనవాళ్ల భద్రత చూసే ఉద్యోగం: పాపను పంపొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. పాప తిరుపతిలో ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి ఏడాది చదువుతోంది. విదేశాల్లో అల్లర్లు జరిగితే కంపెనీ ఉద్యోగులను కాపాడే పనికి ఆన్‌లైన్ కోర్సు ఉందట, రెండు లక్షలు. ఆడపిల్ల కదా, మామూలు హెచ్‌ఆర్ ఉద్యోగమే మేలేమో? ఆడపిల్లకు ఇలాంటి పని ఎందుకు చెప్పండి?

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించి. మీ భయం మాత్రం పాపను తుపాకుల మధ్యకు తోలేస్తారేమోనని. హెచ్‌ఆర్ నుంచి వెళ్లేవాళ్లకు మొదట్లో దక్కేది ఒక టేబులు, ఫోను, జాబితా. ఎవరు ఏ ఊళ్లో దిగారు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది, వీసా ఎన్నాళ్లుంది, ఇంట్లోవాళ్లకు ఎవరు కబురు చెప్పాలి. విసుగు పుట్టించే పనే. కానీ గొడవ మొదలయ్యాక ఆ జాబితా రాయడానికి కూర్చోలేం.

2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో పోరు మొదలవగానే ఖార్టూమ్ విమానాశ్రయం మూతపడింది. టికెట్టు ఉండీ లాభం లేకపోయింది. మనవాళ్లు చాలామంది బస్సుల్లో పోర్ట్ సూడాన్ చేరి, అక్కణ్నుంచి జెడ్డాకు దాటారు. మరుసటి ఏడాది జులైలో బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్టే ఆపేశారు. వాట్సాప్ గ్రూపునే నమ్ముకున్న కంపెనీ అప్పుడేం చేస్తుంది? అందుకే కాగితం మీద ఫోన్ నంబర్లు, చేతిలో నగదు, గదిలో నాలుగు రోజుల తిండీ నీళ్లూ, విమానం కాక ఇంకో దారీ ఉండాలి. ఒక్కోసారి బయల్దేరడం కన్నా తలుపేసుకుని ఉండిపోవడమే క్షేమం. ఎప్పుడు ఏది అన్నది అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవాలే గానీ వీడియోలు చూస్తే రాదు.

ఆ కోర్సు మీద నాకు గురి లేదు. సర్టిఫికెట్ చూసి ఎవరూ వందమంది ప్రాణాలు చేతిలో పెట్టరు. ఈ రంగంలో పై కుర్చీల్లో మాజీ సైనికులు, పోలీసులు చాలామంది కనిపిస్తారు. పాప ముందు విదేశీ పోస్టింగుల వీసాలు, బీమా చూసే విభాగంలో రెండేళ్లు చేయనీండి. ప్రయాణ ప్రమాదాల మీద 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 31030 ప్రమాణం చదవమనండి. రెండు లక్షల్లో కొంత పెట్టి అరబిక్ నేర్చుకున్నా నయమే.

ఇక కటువుగా ఒక మాట. ఆడపిల్ల అని రెండుసార్లు రాశారు, పాపకు ఏది ఇష్టమో ఒక్కసారీ రాయలేదు. మన సీమ నుంచి ఎంతమంది ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ విమానం ఎక్కడం లేదు? వాళ్ల కోసం ఏ కంపెనీ జాబితా రాసి పెట్టింది? 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. అప్పుడు అక్కణ్నుంచి తిరిగొచ్చిన పెద్దలు మీకు తెలిసినవాళ్లలో ఉంటే పాపను వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ విమానాలు ఎక్కడానికి జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా ఎలా చేరారో అడగనీండి. కోర్సుకు అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకండి.