కొంగ బొమ్మ గీసే ముందు గట్టు చూడు

మనవరాలికి ఆశీస్సులు.

చెరువు పక్కన పెట్టడానికి పాత సామానుతో నువ్వు చేయబోయే కొంగ శిల్పం స్కెచ్ చూశాను. గీత బాగుంది. కానీ అందులో కొంగ ఉంది, గట్టు లేదు. ఆ బొమ్మను ఏ ఆఫీసు ముందు నిలబెట్టినా సరిపోతుంది. స్థలం కోసం చేసే శిల్పాన్ని అక్కడి నుంచి తీస్తే అర్థం పోవాలి.

పాత ఇనుము కోసం తిరగడం కాస్త ఆపి, ముందు ఆ గట్టు మీద కూర్చో. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి చూడు. నీడ ఎటు సాగుతోంది, గాలి ఏ వైపు నుంచి కొడుతోంది, జనం ఎక్కడ ఆగుతున్నారు? నిండు వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడివాళ్లను అడిగి గుర్తు పెట్టుకో. 1970లో రాబర్ట్ స్మిత్‌సన్ అనే శిల్పి అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో నల్లరాళ్లు, మట్టితో సుమారు 460 మీటర్ల పొడవున చుట్ట తిరిగిన దారి వేశాడు. మట్టం పెరిగి అది ఏళ్ల తరబడి మునిగిపోయింది, మళ్లీ నీళ్లు తగ్గాక ఉప్పు పట్టి తెల్లగా బయటపడింది. నీ కొంగ కాళ్లు మునిగే రోజులూ వస్తాయి. అప్పుడు ఎలా కనబడాలో ఇప్పుడే ఆలోచించు.

ప్రకృతి నుంచి నేర్చుకోవడమంటే కొంగను అచ్చు దించడం కాదమ్మా. ఈకలు ఒకదాని మీద ఒకటి వాలి నీళ్లను ఎలా జార్చేస్తాయో చూడు. పాత రేకుల్ని అదే వరుసలో, పైది కిందిదాన్ని కప్పేలా బిగిస్తే లోపల తడి నిలవదు. నిలిచే మూలలుంటే అడుగున చిల్లు పెట్టు. రెక్కలు మాత్రం పలకలా మూసేయకు, సందులు వదులు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పునాది లెక్క ఇంజనీరు చేతే వేయించు.

అల్యూమినియం రేకును రాగి తీగతో కట్టకు. తడి తగిలితే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ సీసాలు నాకు అసలు ఇష్టం లేదు. ఎండకు పెళుసెక్కి, ముక్కలై నీళ్లలో పడతాయి. చెత్తతో శిల్పం చేసి చెరువులో చెత్త వేయడం నేను ఒప్పుకోను. నైలాన్ వలలూ వద్దు, పక్షుల కాళ్లు చిక్కుకుంటాయి.

దొరికిన వస్తువును రంగు పూసి దాచేయకు. చండీగఢ్‌లో పారేసిన వస్తువులతో కట్టిన రాక్ గార్డెన్‌లో, దాన్ని చేసిన నేక్ చంద్ పగిలిన గాజుల్ని బొమ్మలకు బట్టలుగా తొడిగాడు. అవి గాజులని ఇట్టే తెలుస్తుంది, అందమంతా అందులోనే ఉంది.

ఖాళీ ఆయిల్ డ్రమ్ముకు గ్యాస్ కట్టర్ పెట్టకు. లోపలి ఆవిరికి అది పేలిపోవచ్చు. జింకు పూత రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. అలాంటి రేకులకు బోల్టులే మేలు, తర్వాత విప్పి మార్చడమూ తేలిక.

రేకు తుప్పు పడితే ఎవరు మార్చాలి, ఖర్చు ఎవరిది, ఒకవేళ తీసేయాల్సి వస్తే ఎవరు తీయాలి, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. ఆ తర్వాతే అడ్వాన్స్ తీసుకో.

ఇట్లు,
తాతయ్య