బూరెకు షుగరు: పెద్దమ్మ ఉత్తరం

విజయవాడ

చిరంజీవి సుమతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పిల్లి బూరెకు షుగరన్నారని, "పిల్లికి రోజుకు రెండు ఇంజక్షన్లా పెద్దమ్మా, నా వల్ల కాదు" అని నువ్వు నిన్న ఏడ్చినప్పటి నుంచి నాకు మా పిల్లి తహసీల్దారే కళ్లలో మెదులుతున్నాడు. వాడికి షుగరని తేలిన రోజు ఆటోలో ఇంటిదాకా నేనూ ఇలాగే ఏడ్చాను. ఆ తర్వాత వాడు ఐదేళ్లు నా మీద అధికారం చలాయించి మరీ వెళ్లాడు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఆస్పత్రిలో రక్తం తీస్తే 340 వచ్చిందన్నావు. ఆ ఒక్క అంకెతోనే నిర్ణయానికి రాకూడదు. బుట్టలో కుక్కి, ఆటోలో తిప్పి, మొరిగే కుక్కల పక్కన కూర్చోబెడితే షుగరు లేని పిల్లికి కూడా భయంతో మూడు వందలు దాటవచ్చు. ఫ్రక్టోసమైన్ పరీక్ష చేశారా అని అడుగు. అది గడిచిన రెండు వారాల పరిస్థితిని చెబుతుంది, ఆ పూట బెదురుతో దానికి పని లేదు. అయితే బూరె విషయంలో నాకు పెద్దగా అనుమానం లేదు. నీళ్ల గిన్నె ఇట్టే ఖాళీ చేస్తోందనీ, ఎంత తిన్నా చిక్కిపోతోందనీ, వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి కుందేలులా నడుస్తోందనీ నువ్వే చెప్పావు. ఆ నడక షుగరు నరాలకు తగిలితే వచ్చేది. షుగరు అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో మెల్లగా సర్దుకుంటుంది. మా వాడి సంగతి చీమలు చెప్పాయి. పెరట్లో వాడు పోసిన చోట బారులు కట్టాయి. మీ పెదనాన్న చూసి, "వీడూ నా జట్టులో చేరాడే" అన్నారు.

సరదాకు అన్నా, అందులో నిజం ఉంది. కుక్కలకు షుగరు వస్తే దాదాపు ఎప్పుడూ జీవితాంతం ఇన్సులిన్ తప్పదు. పిల్లుల షుగరు మనవాళ్లకు నడివయసులో వచ్చే రకానికి దగ్గర. ఒళ్లు పెరగడం, కదలిక తగ్గడం, కొన్నిసార్లు దురదకో ఆయాసానికో వాడిన స్టెరాయిడ్లు దానికి కారణాలు. మొదట్లోనే గట్టిగా పట్టుకుంటే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అందుకే ఈ మొదటి నెలల్లో బద్ధకించవద్దని నా పోరు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, సిగ్గుపడకుండా.

మన దేశంలో మందుల షాపులో ఎక్కువగా రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకొకటి. దేని సిరంజీ దానిదే. 40 సిరంజీకి ఎర్ర మూత, 100 సిరంజీకి నారింజ మూత. మీ పెదనాన్నది 40. తహసీల్దారుకు డాక్టరుగారు రాసింది గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్, అది 100. రెండూ ఫ్రిజ్‌లో ఒకే అరలో, ఒకే స్టీలు డబ్బాలో పెట్టాను. రెండో వారంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. టార్చి వెలుగులో చేతికందిన సిరంజీ తీసి, ఒక గీత దాకా లాగి పొడిచాను. అది ఎర్ర మూతది. 40 సిరంజీలో ఒక గీత దాకా 100 ఇన్సులిన్ తీస్తే ఒంట్లోకి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు.

రాత్రి పదకొండింటికి వాడు మంచం కింద నుంచి వచ్చాడు. తాగినవాడిలా తూలుతున్నాడు. పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూశాడు. ముందరి కాలు సన్నగా వణుకుతోంది. చెవి పొడిచి షుగరు చూస్తే 38. తేనె సీసాలో వేలు ముంచి చిగుళ్లకు రాశాను, మళ్లీ రాశాను. గొంతులోకి పోయకూడదు, స్పృహ సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది నిమిషాలకు నాలుకతో పెదవులు నాక్కున్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తినడం మొదలుపెట్టాక కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాం, ఎందుకంటే తేనె పని కాసేపే, ఇన్సులిన్ పని ఇంకా గంటల తరబడి ఉంటుంది. తెల్లవారేదాకా అక్కడే ఉన్నాం.

అందుచేత బూరె సామాను వేరే డబ్బాలో, వేరే అరలో పెట్టు. మూత రంగు చూసి ఊరుకోక, సిరంజీ మీద అచ్చువేసిన అంకె, సీసా మీద ఉన్న అంకె రెండూ చదువు, ప్రతిసారీ. అర యూనిట్ గీతలున్న సిరంజీలు దొరికితే అవే కొను. పిల్లులకు సాధారణంగా ఒకటి రెండు యూనిట్లతోనో, అంతకన్నా తక్కువతోనో మొదలుపెడతారు కాబట్టి అర గీత కూడా పెద్ద తేడాయే. మోతాదు పెంచేది డాక్టరే తప్ప నువ్వు కాదు. 400 చూసి కంగారుపడి ఇంకో అర యూనిట్ వేద్దామనిపిస్తుంది, వేయకు. ఎక్కువ షుగరు మనకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది, తక్కువ షుగరు ఇవ్వదు.

పొడవడం నువ్వు అనుకున్నంత కష్టం కాదు. తింటుండగా మెడ వెనకో పక్క డొక్క మీదో చర్మాన్ని వేళ్లతో గుడారంలా పైకి లేపి, దాని అడుగున పొడవాలి. సూది జుట్టంత సన్నం, బూరె తల కూడా ఎత్తదు. తీశాక బొచ్చు తడిమి చూడు. తడిగా తగిలితే మందు బయటకు పోయిందన్నమాట. అప్పుడు కూడా మళ్లీ వేయకూడదు, ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కదా. ఆ పూటకు వదిలేసి పన్నెండు గంటల తర్వాత మామూలుగా వెయ్యి. ఉదయం ఏడు, సాయంత్రం ఏడు మాకు కుదిరాయి. తిండి ముట్టని పూట, వాంతి చేసుకున్న పూట డాక్టరుకు ఫోను చేయకుండా ఇన్సులిన్ జోలికి వెళ్లకు. తిండి మానేసి, వాంతులతో ముడుచుకుని పడుకుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు, ఒంట్లో కొవ్వు కరిగి తయారయ్యే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఉండవచ్చు.

ఇంట్లో షుగరు చూడటం నేర్చుకో. గుప్పెడు బియ్యం గుడ్డలో మూటగట్టి గోరువెచ్చగా చేసి చెవికి కాసేపు కాపడం పెట్టు. చెవి అంచు వెంట సన్నని రక్తనాళం కనిపిస్తుంది. దానికీ అంచుకూ మధ్య, వెనక దూది ఆనించి పొడిస్తే ఆవగింజంత చుక్క వస్తుంది, చాలు. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపించే అవకాశం ఎక్కువ. కాబట్టి ఏ మీటరో డాక్టరుకు చెప్పి, ఎప్పుడూ అదే వాడు. నెలకో రోజు రెండు గంటలకోసారి పన్నెండు గంటలపాటు చూసి రాసి పెట్టు. అన్నిటికన్నా తక్కువ అంకె 80కీ 150కీ మధ్య ఉండి, ఎక్కువ అంకె 300 దాటకపోతే డాక్టర్లు సంతోషిస్తారు. పుస్తకంలో అంకెలతో పాటు బరువు, తాగిన నీళ్లు కూడా రాయి. నా లెక్కలో నీళ్ల గిన్నె మీటరు కన్నా నమ్మకస్తురాలు.

తిండి దగ్గర నీతో పోట్లాడాలి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మీ అత్తగారు దాన్ని పెరుగన్నంతో పెంచారు, నువ్వు గిన్నెనిండా పొడి గుళికలు పోసి ఆఫీసుకు పోతావు. రెండింట్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. మాంసకృత్తులు ఎక్కువగా, పిండి బాగా తక్కువగా ఉన్న తడి ఆహారం దీనికి సరైనది. ఉడికించిన కోడిమాంసం ఇష్టంగా తింటుంది గానీ, రోజూ అదొక్కటే అయితే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం, కాల్షియం చాలవు. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు. ఇంకో ముఖ్య సంగతి: ఇన్సులిన్ మొదలయ్యాక తిండి మారిస్తే షుగరు ఒక్కసారిగా దిగవచ్చు, డాక్టరుకు చెప్పకుండా మార్చకు. సన్నబడాలని పస్తులు పెట్టకు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి అదో పెద్ద జబ్బవుతుంది.

కాకరకాయ రసం పోయమని మా పక్కింటావిడ సలహా ఇచ్చింది. మీ పెదనాన్నే తాగలేరు, తహసీల్దారు తాగుతాడా! మీ మామయ్య మందుల డబ్బాలోని షుగరు మాత్రలూ వద్దు.

అమెరికా నుంచి మీ అన్నయ్య చెప్పిన నోటి మందులు నిజమే. అక్కడ పిల్లులకు బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను 2022 చివర్లో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవాన్ని 2023లో అనుమతించారు. కానీ అవి అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకు ఇచ్చేవి కావు. పైగా వాటితో షుగరు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. వాటిని పెట్టెలో వేసి పంపమని మీ అన్నయ్యను అడగకు.

మా వాడికి నాలుగో నెలలో అంకెలు దిగుతూ వచ్చాయి. డాక్టరుగారు అర యూనిట్ చేశారు, తర్వాత ఆపేశారు. ఏడాదిన్నర దాకా సూది లేదు, మళ్లీ వచ్చింది, మళ్లీ మొదలుపెట్టాం. బూరెకూ అంకెలు దిగడం మొదలైతే సంబరపడి కొలవడం మానేయకు, అసలు జాగ్రత్త అప్పుడే.

నీ చెల్లెలి పెళ్లికి మూడు రోజులు రావాలి కదా, పిల్లిని ఎవరికి అప్పగించాలని నీ బెంగ. సూది పట్టడం రానివాళ్లకు వద్దు. హైదరాబాద్ నుంచి ఎలాగూ కారులోనే వస్తారు, దాన్నీ ఎక్కించుకుని రా. ఇన్సులిన్‌ను ఐసు ముక్కకు తగలకుండా గుడ్డ చుట్టి తీసుకురా, గడ్డకడితే పనికిరాదు. మన ఫ్రిజ్‌లో మూడో అర మీ పెదనాన్న అప్పుడే ఖాళీ చేసి, బూరె పేరు కాగితం మీద రాసి అంటించారు.

నీ
పెద్దమ్మ